కుడికాలి నడక

ఆ వేషం హేమలతకు రావాలని ఎవరూ అనుకోలేదు. హేమలత అసలు అనుకోలేదు.

ఆటకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. తండా బడి ఆవరణలో సాయంత్రం పూట పదిమంది ఆడవాళ్లు, ఆరేడుగురు ఆడపిల్లలు కొంగులు నడుముకు దోపుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. ఆట నేర్పే రోజారాణిది బొగ్గుగనుల కాలనీ. అక్కడి పిల్లలకు డాన్సు నేర్పుతూ, సెలవు దొరికినప్పుడల్లా అడవి అంచు ఊళ్లకు వచ్చి ఊరివాళ్ల కథ ఊరివాళ్ల చేతనే ఆడిస్తుంది. పోయినేడు చెరువుల మీద ఆడించింది. ఈసారి ఇప్పచెట్ల కింద పెట్టే నిప్పు మీద.

ఎండలు ముదిరే ముందు ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామున రాలిన పువ్వు ఎండాకుల మధ్య కనబడదని, ముందురోజే చెట్టు కింద ఆకులకు అగ్గిపుల్ల గీసి నేల నల్లగా చేసుకుంటారు. నల్లటి నేల మీద తెల్లటి పువ్వు ఏరుకోవడం తేలిక. తాతల నుంచీ అందరూ చేసే పనే. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆ మంట చెట్టు నీడ దాటదు. పదోసారి గుట్ట ఎక్కుతుంది.

ఆటలో కొందరు చెట్టై నిలబడితే, మిగతా ఆడపిల్లలు మొదట పువ్వులై రాలుతారు. తరవాత ఎర్ర చున్నీలు పట్టుకుని మంటలై లేస్తారు. ఆ మంట పెట్టేది ఒక ముసలమ్మ. ఆ వేషం మొదట హేమలతకు వదిన వరసయ్యే హేమ్లికి ఇచ్చారు. హేమ్లి మంచి ఆటగత్తె, కానీ ఆమె పుల్ల గీస్తుంటే అడవికి నిప్పు పెట్టినట్టు లేదు, దేవుడి ముందు దీపం వెలిగించినట్టుంది. మూడుసార్లు చూసి, నాలుగోసారికి హేమలత ఓపిక పట్టలేకపోయింది. ఆమె అంగన్‌వాడీ టీచరు. పిల్లలకు కోతిలా, కోడిలా చేసి చూపించడం రోజూ ఉండే పని.

"ఇట్ల కాదొదినా, ఆ చీపురు ఇటియ్యి" అంది.

నడుము వంచింది. ఒక చేత్తో మోకాలు పట్టుకుని రెండుసార్లు ఊడ్చింది. ఊడ్చి ఊడ్చి లాభం లేదన్నట్టు చీపురు పక్కన పడేసి, కొంగు ముడిలోంచి లేని అగ్గిపెట్టె తీసింది. నాలుగడుగులు వేసింది. ఆ నాలుగడుగుల్లో ఎడమకాలు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. అట్లా ఈడవాలని ఆమె అనుకోలేదు. రోజూ కళ్లెదుట తిరిగే నడక ఒంట్లోకి ఎప్పుడు దూరిందో ఆమెకే తెలియదు.

ముందు హేమ్లి నవ్వింది. ఆ తరవాత అందరూ నవ్వారు. నంగారా వాయించే లచ్చిరాం ఆ సాయంత్రం దాకా ఒక్కసారి కూడా పళ్లు కనబడనివ్వని మనిషి. అతను డోలు మీద చేయి ఆపి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, "అచ్చం అగ్గియాడి నడిచొచ్చినట్టే ఉన్నది" అన్నాడు.

అగ్గియాడి, అంటే అగ్గి పెట్టిన అమ్మ, రూప్లికి తండా పెట్టిన పేరు. హేమలత అత్త. రెండేళ్ల కిందటి మంటలో లచ్చిరాం కొట్టం కాలి, కట్టేసిన లేగదూడ చచ్చిపోయింది. ఆ మంట పెట్టింది రూప్లి అని తండా మొత్తం నమ్మింది. అప్పటినుంచి పిల్లలు కూడా ఆమెను పేరు పెట్టి పిలవరు.

"అక్కా, గిదే నాకు కావాల్సింది. గీ నడకే ఉంచు. వేషం నీదే" అంది రోజారాణి.

హేమలత పడేసిన చీపురు తీసి గోడకు ఆనించింది. మంటల వరసలో నిలబడ్డ కూతురు మనోజ్ఞ వైపు చూసింది. పదో తరగతి పిల్ల. అందరితో పాటు నవ్వింది. నవ్వుతూనే ఎర్ర చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

*

ఇంటికి రాగానే హేమలత చేసే మొదటి పని ఆముదం వెచ్చబెట్టడం.

చిన్న గిన్నెలో రెండు చెంచాల ఆముదం పోసి, పొయ్యి మీద నుంచి అన్నం దించాక మిగిలిన వేడికి పెడుతుంది. గోరువెచ్చనయ్యాక తెచ్చి, వాకిట్లో మంచం మీద కూర్చున్న రూప్లి కుడిపాదం తన ఒళ్లో పెట్టుకుంటుంది. చీలమండ నుంచి వేళ్ల దాకా చర్మం ముడతలు పడి, మెరుస్తూ, బిగుసుకుపోయి ఉంటుంది. బొటనవేలు, పక్కవేలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వాటి సందులో నూనె పోయదు. వేలితో అద్దుతుంది. రెండేళ్లుగా ఒక్క సాయంత్రం తప్పలేదు. అత్తకు ఇంత సేవ చేసే కోడలు ఎక్కడుందని ఇరుగుపొరుగువాళ్లు అన్నప్పుడల్లా హేమలత తల దించుకునేది. వాళ్లు అది అణకువ అనుకునేవాళ్లు.

ఆ నిప్పు పెట్టింది హేమలత.

ఆ వేళ ఆదివారం. రూప్లికి జ్వరం. మరునాడు అంగన్‌వాడీ సూపర్‌వైజర్ వస్తానంది, రిజిస్టర్లు రాయాలి. తమ వంతు ఇప్పచెట్టు కింద ఆకులు ఊడ్చే తీరిక లేక, పుల్ల గీసి, మంట అణిగిందనుకుని ఇంటికొచ్చింది. గాలి లేచింది. పొగ చూసి జ్వరంతోనే పరుగెత్తింది రూప్లి. మగవాళ్లు వచ్చేసరికి పచ్చి మోదుగకొమ్మతో ఒక్కతే మంటను కొడుతూ కనబడింది. చెట్టు కింద ఉన్నది ఆమె. ఎవరు పెట్టారంటే నేనే అంది. ఆ రాత్రి హేమలత నోరు తెరవబోతే, మసి అంటిన చేత్తో ఆ నోరు మూసింది. "నీకు నౌకరి ఉన్నది. నాకేమున్నది పోయేటందుకు?" అంది. మళ్లీ ఆ మాట ఇద్దరి మధ్యా రాలేదు.

అటవీశాఖ బీట్ ఆఫీసరు కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, ముసలమ్మ కదా అని కేసు లేకుండా వదిలేశాడు. కన్నకొడుకు, హేమలత భర్త బాబూరావు మాత్రం వదల్లేదు. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ నడుపుతాడు. పెద్దమనిషివై ఉండి బుద్ధి ఎక్కడ పోయిందని ఆ రోజు తల్లిని అన్నాడు. ఆ తరవాత అసలేమీ అనడం మానేశాడు.

"ఏం వేషమిచ్చిన్రు నీకు?" అడిగింది రూప్లి, కాలు ఒళ్లో ఉండగానే.

పెళ్లైన నాటి నుంచి అత్తను అమ్మను పిలిచినట్టే యాడీ అని పిలవడం హేమలతకు అలవాటు. "ముసలమ్మ వేషం, యాడీ" అంది. వెంటనే, "నేను వద్దంటా" అని కూడా అంది.

రూప్లి కాలు ఒళ్లోంచి తీసుకుంది. కాసేపటికి లేచి, కాలు ఈడ్చుకుంటూ లోపలికి పోయి, రేకుపెట్టె మూత తీసింది. అడుగున పాతగుడ్డలో చుట్టిన తన పేటియా లంగా, అద్దాల రవిక, తల మీద కప్పుకునే ఓఢ్ని బయటికి తీసింది. తండాలో ఆ పాతకాలపు బట్టలు ముగ్గురి దగ్గరే మిగిలాయి. రోజారాణి వాటిని అడగమంటుందని హేమలతకు తెలుసు. అడిగే ధైర్యం లేక ఊరుకుంది. పేటియా అంచున నాలుగైదు అద్దాలు ఊడిపోయి ఉన్నాయి. రూప్లి కళ్లజోడు పెట్టుకుని, సూదిలో ఎర్రదారం ఎక్కించి, ఒక్కో అద్దం అంచు చుట్టూ దారం అల్లుతూ కుట్టడం మొదలుపెట్టింది. దారం పళ్లతో తెంపి, కుట్టింది వేలితో తడిమి చూసుకుని, తరవాతి అద్దానికి పోయేది.

మూడో అద్దం దగ్గర తలెత్తకుండానే, "ఏదీ, నడిచి చూపియ్యి" అంది.

హేమలత కదల్లేదు.

"మనోజ్ఞ అంతా చెప్పింది. నడువు."

తప్పలేదు. వాకిట్లో నాలుగడుగులు నడిచింది. రూప్లి కళ్లజోడు పైనుంచి చూసింది. పెదవి విరిచింది.

"తప్పు. నువ్వు ఎడమకాలు ఈడుస్తున్నవ్. నాది కుడికాలు."

నిజమే. ఎదురుగా వచ్చే మనిషిని చూసి నేర్చుకున్న నడక, అద్దంలో బొమ్మలాగా తిరగబడింది.

"చేస్తే సక్కగ చెయ్యి. లేకుంటే నాకే నవ్వులాట" అని రూప్లి మళ్లీ సూది అందుకుంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏదైనా ఉంటుందేమోనని హేమలత వెతికింది. దొరకలేదు. ఉంటే బాగుండుననిపించింది.

*

శుక్రవారం అంగన్‌వాడీలో పిల్లలు గుడ్లు తింటుండగా బీట్ ఆఫీసరు రవికుమార్ బండి ఆపి గుమ్మంలోకి వచ్చాడు. చెడ్డమనిషి కాదు. ఆట చూడటానికి చుట్టుపక్కల గూడేల వాళ్లను కూడా పిలిచానని, ఆదివారం నాలుగింటికల్లా మొదలుపెట్టాలని చెప్పాడు. ఒక పిల్లవాడి మూతికి అంటిన పచ్చసొన తుడుస్తూ హేమలత వింది.

"మీ అత్తమ్మను ముందువరుసల కూసోబెట్టున్రి మేడం. ఆమెకు తెల్వాలె" అన్నాడు. "ఆ రోజు ముసలామె కాబట్టి వదిలిన. సదువుకున్నోళ్లెవరన్న గా పని చేస్తే గట్ల వదిలేటోన్ని కాదు."

అతను వెళ్లిపోయాక హేమలత చేతిలో గుడ్డు పెంకు పొడి పొడి అయి ఉంది.

ఆ సాయంత్రం రిహార్సల్ అయ్యాక రోజారాణిని పక్కకు పిలిచి, ముసలమ్మ వేషం తీసేద్దామని అడిగింది. రోజారాణి చున్నీలు లెక్కపెట్టి సంచిలో సర్దుతోంది. కోప్పడలేదు. తన నాయన ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగి, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నాడని చెప్పింది. దుమ్ము మంచిది కాదని ఆయనకు కాగితాల మీద ఎందరో చెప్పారు, చదవలేదు. ఒకసారి కాలనీలో కుర్రాళ్లు ఆ దగ్గునే ఆటలో పెట్టి నవ్వించారు. ఆ మరునాటి నుంచి ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు.

"నవ్వితేనే ఇంటరక్కా. లేకుంటే గవర్మెంటు మాట లెక్క ఇటు ఇని అటు వదిలేస్తరు."

"మీ నాయినను చూసి నవ్వినప్పుడు నీకెట్లున్నది?"

రోజారాణి చేతులు ఆగాయి. "నేను ముందువరుసల కూసున్నా. వెనక్కి తిరిగి చూడలే" అంది. సంచి మూతి బిగించి, "మంట ఎవరో ఒకరు పెట్టాలె గదక్కా. ముసలామె వద్దంటే ఎవరు పెడ్తరో నువ్వే చెప్పు. మార్చుకుందం" అంది.

ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ మాటే హేమలత పక్కన నడిచింది.

*

ఆదివారం నాలుగింటికి బడి ఆవరణ నిండిపోయింది. గూడేల నుంచి ట్రాక్టరు మీద వచ్చినవాళ్లు ప్రహరీగోడ ఎక్కి కూర్చున్నారు. ముందువరుసలో రవికుమార్. అతనికి రెండు కుర్చీల అవతల, ఎవరో బలవంతాన తెచ్చి కూర్చోబెట్టినట్టు కాకుండా, ఉతికిన చీర కట్టుకుని తానే వచ్చి కూర్చుంది రూప్లి. మొదటి షిఫ్టు దిగి నేరుగా వచ్చిన బాబూరావు వెనక ఎక్కడో నిలబడ్డాడు.

బడి గదిలో హేమలత తన అంగన్‌వాడీ చీర కట్టుకుంది. దాన్ని మోకాళ్ల దాకా ఎగదోపి, పైన అత్త పేటియా చుట్టి నాడా బిగించింది. అద్దాల బరువుకు నడుము దానంతటదే వంగింది. హేమ్లి చూసి, లోపల ఆ చీరెందుకని అడిగింది. చలి అంది హేమలత. బయట ఎండ కణకణలాడుతోంది.

పువ్వులు రాలాయి. చప్పట్లు మోగాయి. ముసలమ్మ వచ్చింది. ఈసారి కుడికాలే ఈడ్చింది. గోడ మీది వాళ్లు విరగబడి నవ్వారు. ఎవరో అగ్గియాడి అని అరిచారు. రూప్లి తల తిప్పలేదు. కోడలి పాదం వైపే చూస్తూ, సరిగ్గా ఉందన్నట్టు చిన్నగా తల ఊపింది.

ఆ తల ఊపు దగ్గర హేమలత ఆగిపోయింది.

చీపురు పడేయాల్సిన చోట పడేయలేదు. పక్కన పెట్టింది. నడుము నిటారుగా చేసింది. తల మీది ఓఢ్ని తీసింది. పేటియా నాడా విప్పి, అది నేల తాకకుండా రెండు చేతులా పట్టుకుని మడత పెట్టింది. దోపిన చీర కుచ్చెళ్లు కిందికి జారాయి. లచ్చిరాం నంగారా ఎక్కడ కొట్టాలో తెలియక ఆగాడు. హేమలత ముందువరుస దాకా నడిచి వచ్చి ఆ మడతను రూప్లి ఒళ్లో పెట్టింది. తిరిగి చెట్టుగా నిలబడ్డ పిల్లల దగ్గరికి పోయింది. మామూలుగా, రోజూ సెంటరుకు నడిచినట్టే నడిచింది.

"ఆ రోజు గిట్ల నడిచిపోయిన" అంది. గొంతు పెద్దగా లేదు. అయినా గోడ దాకా వినబడింది. "రిజిస్టర్లు రాయాలని తొందరల ఉన్న. ఆకులు ఊడ్వడానికి తీరిక లేకుండె. మా యాడి కాలు కాలింది మంట పెట్టి కాదు, నేను పెట్టిన మంట ఆర్పి."

కొంగు ముడిలోంచి అగ్గిపెట్టె తీసింది. ఈసారి నిజమైనదే. పుల్ల గీయలేదు. అందరికీ కనబడేలా అరచేతిలో పట్టుకుని నిలబడింది.

మంటల వరసలో పిల్లలు ఏం చేయాలో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. అప్పుడు మనోజ్ఞ ఎర్ర చున్నీ పైకెత్తింది. కళ్లు తల్లి మీదే ఉన్నాయి. నెమ్మదిగా లేచింది, సుడి తిరిగింది, పక్కపిల్లకు మంట అంటించింది. డోలు లేకుండానే మంట ఆవరణంతా పాకింది.

ముందువరుసలో కుర్చీ కిర్రుమంది.

రూప్లి పేటియాను జాగ్రత్తగా కుర్చీలో పెట్టి లేచింది. చివర మంట ఆర్పే రంగం కోసం పక్కన పెట్టుకున్న పచ్చికొమ్మల్లోంచి ఒకటి అందుకుంది. కుడికాలు ఈడ్చుకుంటూ మంటల మధ్యకు వచ్చింది. కొమ్మతో కొట్టింది. ఆమెకు ఆట తెలియదు. ఆ రోజు ఎట్లా కొట్టిందో అట్లాగే కొట్టింది. ముందు గాలివాటు చూసి, అంచు నుంచి లోపలికి, కొట్టిన చోట మళ్లీ తొక్కి. తొక్కిన ప్రతిసారీ ఆ కాలే ముందు పెట్టింది. ఎవరికీ నవ్వు రాలేదు.

లచ్చిరాం చాలాసేపు చూశాడు. దూడను పోగొట్టుకున్న మనిషి. తరవాత అతని చేయి నంగారా మీద పడింది. ఒక దెబ్బ, ఒక ఈడ్పు. ఒక దెబ్బ, ఒక ఈడ్పు. నేర్పించిన తాళం కాదది. ఆమె నడకే. హేమ్లి ఒక కొమ్మ తీసుకుంది. వెనక ఆడవాళ్లు తీసుకున్నారు. గూడెం నుంచి వచ్చిన ఇద్దరు ముసలివాళ్లు గోడ దిగి వచ్చారు. అందరూ ఆ తాళానికే అడుగు వేశారు. చివరికి మిగిలిన మంట మనోజ్ఞ. నాయనమ్మ కొమ్మ తనను తాకగానే ఆమె పాదాల దగ్గర చున్నీతో సహా కుప్పకూలింది. లేవలేదు. ఆ కాలిని రెండు చేతులా చుట్టుకుని అక్కడే ఉండిపోయింది.

*

జనం పలచబడ్డాక రవికుమార్ వచ్చాడు. ఎక్కువ మాట్లాడలేదు. రేపు ఆఫీసుకు రమ్మని, రాసివ్వాల్సి ఉంటుందని, ఆ కాగితం సూపర్‌వైజర్ దాకా పోతే ఏమవుతుందో తాను చెప్పలేనని అన్నాడు. హేమలత వస్తానంది. అతను వెళ్లబోతూ రూప్లి పాదం వైపు చూశాడు. ఈ రెండేళ్లలో మొదటిసారి చూసినట్టున్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని బండి దాకా నడిచాడు.

లచ్చిరాం డోలు భుజానికి తగిలించుకుని రూప్లి ముందు నిలబడ్డాడు. రేపటి నుంచి పాలు పంపిస్తానన్నాడు. "నీళ్లు కలపకుండ పంపు" అంది రూప్లి. లచ్చిరాం నవ్విన నవ్వు చాలా దూరం వినబడింది.

తరవాతి ఆట జరిగే తల్లాడలో కూడా ఇట్లాగే ఆడదామా అని రోజారాణి బెరుకుగా అడిగింది. నౌకరి ఉన్నా వస్తా, పోయినా వస్తా అంది హేమలత. రూప్లి మధ్యలో కల్పించుకుని, ఆ తరవాత జరిగే దుమ్ముగూడెం ఆటకు తాను కూడా వస్తానని, ఊరికే రానని, ఆట అయ్యాక గోదావరిలో స్నానం చేయించాలని షరతు పెట్టింది.

ఇంటికి రాగానే హేమలత ఆముదం వెచ్చబెట్టింది. గిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి మంచం దగ్గర బాబూరావు కింద కూర్చుని ఉన్నాడు. షిఫ్టు బట్టలు ఇంకా మార్చలేదు. గోళ్లలో బొగ్గు అట్లాగే ఉంది. భార్యను ఒక్క మాట అనలేదు. చేయి చాపి గిన్నె తీసుకున్నాడు. తల్లి పాదం తన ఒళ్లో పెట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కాసేపు అట్లాగే ఉన్నాడు.

"వేళ్ల సందుల పొయ్యకు. అద్దు" అంది హేమలత.

అద్దాడు.

రూప్లి కోడలి వైపు చూసింది. "పిచ్చిదానా" అంది.

తెల్లవారుజామున ఎవరో తట్టి లేపారు. కళ్లు తెరిస్తే రూప్లి. ఒక చేతిలో చీపురు, ఒక చేతిలో బుట్ట. చంకలో రెండు పాతచీరలు. రెండేళ్లుగా అడవి ముఖం చూడని మనిషి. "పువ్వు రాల్తాంది, లే" అంది. మనోజ్ఞ అప్పటికే లేచి వాకిట్లో చెప్పులు వేసుకుంటోంది.

ముగ్గురూ గుట్ట దారి పట్టారు. ముందు రూప్లి నడిచింది. మెత్తటి దుమ్ములో ఎడమపాదం ముద్ర, పక్కనే కుడిపాదం గీసిన గీత. మళ్లీ ముద్ర, మళ్లీ గీత. హేమలత ఆ గీత తొక్కకుండా పక్కనుంచి నడిచింది.

వాళ్ల చెట్టు బతికే ఉంది. మొదలు ఒకవైపు నల్లబడింది కానీ పైన గుత్తులు గుత్తులుగా పూసింది. గాలంతా తీపి వాసన. ఆకులు ఊడవడానికి గంట పట్టింది. నిప్పుకైతే ఐదు నిమిషాల పని. ఊడ్చిన చోట రెండు చీరలూ పరిచి, కొసలు చుట్టూ ఉన్న పొదలకు కట్టడం మొదలుపెట్టారు. కడుతుండగానే టప్‌మని ఒక పువ్వు చీర మధ్యలో పడింది. ఇంకొకటి.

తప్పయింది అన్న ఒక్క మాట హేమలత రెండేళ్లుగా అత్తతో అనలేదు. చీర కొస పట్టుకుని, "యాడీ" అని పిలిచింది.

రూప్లి తలెత్తింది. కోడలి ముఖం చూసింది. ఆ మాటేమిటో తెలిసినట్టే ఉంది.

"కొస గట్టిగ పట్టుకో. నేల తాకుతాంది" అంది.

హేమలత గట్టిగా పట్టుకుంది.